12 గేజా, 20 గేజా? షాట్‌గన్ స్లగ్ సైజుకీ గురికీ ఉన్న సంబంధం

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను. మీరు ఇల్లినాయ్‌లో బ్లూమింగ్టన్-నార్మల్ దగ్గర ఉంటున్నారు. ఈ ఏడాది మొదటిసారి జింకల సీజన్‌కి వెళ్దామనుకుంటున్నారు. చేతిలో ఉన్నది 12 గేజ్ పంప్ షాట్‌గన్ (ముందు పట్టుని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించేది). దానికి పక్షుల వేటకి వాడే 28 అంగుళాల నున్నటి గొట్టం, గురి చూడటానికి మూతి మీద పూస ఒక్కటే. స్లగ్ అంటే రవ్వల బదులు ఒకే పెద్ద గుండు ఉండే షాట్‌గన్ తూటా; ఖరీదైనవైతే బాగా పడతాయన్న నమ్మకంతో వాటిలో సాబో రకం కొన్నారు. 50 గజాల నుంచి కాలిస్తే రెండడుగుల అట్టమీద ఎక్కడెక్కడో పడ్డాయి, ఒక రంధ్రం గుండ్రంగా కాకుండా పొడుగ్గా చీరినట్టు వచ్చింది. 12 గేజ్ గుండు మరీ పెద్దదై గురి తప్పుతోందా, 20కి మారాలా, లేక ఇంకా పెద్దది తీసుకోవాలా అని అడిగారు.

సైజు వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది. మీ గొట్టానికీ మీరు కొన్న తూటాకీ పొత్తు లేదు. ఆ పొడుగాటి రంధ్రమే అందుకు సాక్ష్యం: గుండు ముక్కు ముందుకి పెట్టి రాలేదు, గాల్లో పల్టీలు కొడుతూ వచ్చి పక్కవాటుగా అట్టని తాకింది. సాబో స్లగ్ అంటే ప్లాస్టిక్ తొడుగులో కూర్చోబెట్టిన సన్నటి బుల్లెట్. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటే ఆ ప్లాస్టిక్ వాటిని పట్టుకుంటుంది, బుల్లెట్‌ని తిప్పుతుంది, మూతి దాటాక విడిపోతుంది. ఆ తిరుగుడే బుల్లెట్‌ని నిలకడగా ఉంచేది. మీ గొట్టం నున్నటిది. తిరుగుడు లేదు కాబట్టి తొడుగు కూడా సమంగా ఊడదు, బుల్లెట్ పల్టీ కొడుతుంది. ఇంకో పది పెట్టెలు కొన్నా ఇదే జరుగుతుంది. మిగిలినవి దాచిపెట్టండి, గాడుల గొట్టం కొన్నరోజున పనికొస్తాయి.

ఇక సైజు సంగతి. గేజ్ నంబరు పాత లెక్క. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్రటి గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో అదే 12 గేజ్ గొట్టం లోపలి కొలత: 0.729 అంగుళం, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. 20 గుండ్లుగా పోస్తే గుండు చిన్నదవుతుంది, కాబట్టి 20 గేజ్ 0.615 అంగుళం, అంటే 15.6 మిల్లీమీటర్లు. నంబరు పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 410 ఒక్కటే ఈ లెక్కలోకి రాదు, అది నేరుగా అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పిన కొలత. మన ఊళ్ళలో 12 బోరు అనే డబుల్ బ్యారెల్‌కీ ఇదే లెక్క.

ఈ లెక్కన 12 గేజ్ గుండు దాదాపు 38 గ్రాములుండాలి. కానీ అమెరికాలో మామూలుగా దొరికే 12 గేజ్ స్లగ్ ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల పైచిలుకు. వెనకభాగం బోలుగా ఉండటం వల్ల ఆ తేడా. 20 గేజ్‌లో ముప్పావు ఔన్సు గానీ, 5/8 ఔన్సు గానీ ఉంటుంది. 410లో ఐదో వంతు ఔన్సే, ఆరు గ్రాములు కూడా లేదు. జింకకి 410 స్లగ్ నేను ఎవరికీ చెప్పను. 10 గేజ్ సంగతి అడిగారు. ఆ తుపాకీ బరువు, దెబ్బ, తూటాల కొరత అన్నీ కలిపి చూస్తే జింక కోసం దాని వెంట పడటం అనవసరం.

పెట్టె మీద 12 గేజ్ అని రాసి ఉన్నా, సాబో తూటా లోపల ఉన్న బుల్లెట్ చాలావాటిలో అర అంగుళం లావు, కొన్నిటిలో ఇంకా సన్నం. అంటే జింకని తాకేది 20 గేజ్ పాతరకం స్లగ్ కంటే సన్నటిది. అయినా సరైన గొట్టం నుంచి పేలిస్తే 12 గేజ్ మామూలు స్లగ్‌ కంటే దూరంలో చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అది పొడుగ్గా ఉంటుంది, వేగంగా వెళ్తుంది, గాలిని బాగా కోస్తుంది. లావును బట్టి గురిని అంచనా వెయ్యలేమని ఈ ఒక్క పోలికతోనే తెలుస్తుంది.

మీ నున్నటి గొట్టానికి సరిపోయేవి రెండు రకాలు. మొదటిది ఫాస్టర్ స్లగ్, 1931లో కార్ల్ ఫాస్టర్ అనే అమెరికన్ రూపొందించింది. మెత్తటి సీసం, ముక్కు బరువు, వెనక బోలు. బరువంతా ముందుండటం వల్ల బ్యాడ్మింటన్ కాక్ లాగా ముక్కు ముందుకే తిరిగి ఉంటుంది, దానికి గిరగిరా తిరగాల్సిన పనిలేదు. పక్కల మీద వాలుగా కనిపించే గీతల్ని చూసి చాలామంది అవి స్లగ్‌ని తిప్పుతాయని నమ్ముతారు, పెట్టె మీద కూడా రైఫిల్డ్ స్లగ్ అనే ఉంటుంది. నిజానికి ఆ గీతల వల్ల వచ్చే తిరుగుడు లెక్కలోకి రానంత తక్కువ. చోక్ (గొట్టం మూతి దగ్గర ఉండే ఇరుకు) బిగుతుగా ఉన్నచోట సీసం ఆ గీతల్లోకి నలిగి సులువుగా బయటికి జారడమే వాటి అసలు ఉపయోగం.

రెండోది బ్రెనెకె. జర్మనీలో లైప్‌జిగ్‌కి చెందిన విల్‌హెల్మ్ బ్రెనెకె 1898లో చేశాడు. ఇది గట్టి సీసం, లోపల బోలు ఉండదు. వెనక ఉండే వాడ్ (మందుకీ గుండుకీ మధ్య ఉండే తేలికపాటి బిళ్ళ) స్లగ్‌కే స్క్రూతో బిగించి ఉంటుంది, అది తోకలా పనిచేసి నిలబెడుతుంది. ఫాస్టర్ తగిలినచోట వెడల్పుగా అణిగిపోతుంది, బ్రెనెకె ఆకారం చెడకుండా లోతుకి వెళ్తుంది. జింకకి ఫాస్టరే చాలు. అలాస్కాలో ఎలుగుల భయంతో షాట్‌గన్ పట్టుకు తిరిగేవాళ్ళు బ్రెనెకెని కోరుకునేది ఆ లోతు కోసమే.

రెండింటికీ సిలిండర్ (అసలు ఇరుకు లేనిది) లేదా ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్ పెట్టండి. ఇంప్రూవ్డ్ సిలిండర్ అంటే 12 గేజ్‌లో గొట్టం మూతి దాదాపు 0.010 అంగుళం మాత్రమే సన్నబడుతుంది. ఫుల్ చోక్ 0.035 అంగుళం పైన సన్నబడుతుంది, అందులోంచి స్లగ్ నలిగి వస్తే గురి చెడుతుంది. టర్కీ కోళ్ళ వేట కోసం చేసే అతిబిగుతు చోక్‌ల గుండా ఏ స్లగ్‌నీ పేల్చకండి, అది ప్రమాదం. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని చోక్ తీసి దానిమీద రాసింది చదవండి. మీది పక్షుల తుపాకీ కాబట్టి ఇంప్రూవ్డ్ సిలిండర్ కన్నా బిగుతైన మోడిఫైడ్ పెట్టి ఉండే అవకాశం ఎక్కువ.

కొలతల్లో తరచు మాట్లాడుకోని సంగతి ఒకటుంది. 0.729 అనేది పుస్తకంలో లెక్క. నిజంగా గొట్టాలు కొలిస్తే కంపెనీని బట్టి తేడా ఉంటుంది, కొందరు కావాలనే కాస్త వదులుగా తొలుస్తారు. స్లగ్ తయారుచేసేవాళ్ళు ఎంత బిగుతు గొట్టంలోంచైనా సురక్షితంగా బయటికి రావాలి కాబట్టి సన్నగా చేస్తారు. మీ గొట్టం వదులు రకమైతే స్లగ్ లోపల అటూ ఇటూ ఆనుకుంటూ వస్తుంది, ప్రతిసారీ ఒకే దిక్కుకి మూతి దాటదు. ఒకే తుపాకీలో ఒక కంపెనీ స్లగ్ మూడంగుళాల్లో పడి, ఇంకో కంపెనీది ఎనిమిదంగుళాల్లో పడటానికి పెద్ద కారణం ఇదే. ఇథాకా కంపెనీ 1959లో డీర్‌స్లేయర్ అని స్లగ్ కోసమే తుపాకీ తెచ్చినప్పుడు చేసిన పని కూడా ఇదే: గొట్టాన్ని బిగుతుగా తొలిచి, రైఫిల్‌కి ఉండే సైట్లు పెట్టారు. గొట్టం నున్నటిదే, గాడులు లేవు. అయినా అప్పటి వేటగాళ్ళకి అదెంతో నచ్చింది.

కాబట్టి మూడు నాలుగు కంపెనీల ఒక ఔన్సు ఫాస్టర్ స్లగ్‌లు ఒక్కో పెట్టె తెచ్చుకోండి. మూడంగుళాల పొడవు తూటాలు, అంటే ఎక్కువ శక్తి ఉండే మాగ్నం వద్దు, రెండు ముప్పావు అంగుళాల మామూలువి చాలు. సెకనుకి 1,560 నుంచి 1,600 అడుగుల వేగంతో బయల్దేరే ఒక ఔన్సు గుండు తెల్లతోక జింకకి కావలసినంత కన్నా ఎక్కువే. మాగ్నం వల్ల భుజానికి అదనంగా తగిలే దెబ్బ ఖాయం, గురి బాగుపడటం మాత్రం అరుదు.

పూస గురించి కూడా చెప్పాలి. పక్షిని కాల్చేటప్పుడు చూపు పక్షి మీదే ఉంటుంది, పూస లీలగా కనిపిస్తే చాలు. స్లగ్‌కి అది కుదరదు. చెంప కర్ర మీద ఒకసారి గట్టిగా, ఇంకోసారి తేలిగ్గా ఆనిస్తే కంటి ఎత్తు మారుతుంది, గుండు 50 గజాల దగ్గర నాలుగైదు అంగుళాలు పైకో కిందకో పోతుంది. వెనక సైట్ లేని తుపాకీలో మీ కన్నే వెనక సైట్. రిసీవర్ (గొట్టం వెనక ఉండే తుపాకీ నడిమి లోహపు పెట్టె) పైన స్క్రూ రంధ్రాలున్నాయేమో చూడండి. మాస్‌బర్గ్ 500లో ఫ్యాక్టరీలోనే వేసి వస్తాయి. ఉంటే చిన్న రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైట్) బిగించుకోండి. ఈ ఒక్క మార్పుతోనే మీకు పెద్ద తేడా కనిపిస్తుంది.

నున్నటి గొట్టం, సరైన ఫాస్టర్ స్లగ్, మంచి సైట్, ఈ మూడూ కుదిరితే 50 గజాల దగ్గర గుండ్లన్నీ మూడు నాలుగు అంగుళాల గుంపుగా పడతాయి. దాన్ని చిన్నచూపు చూడకండి. ఇక్కడి పొలాల అంచున, వాగుల పక్కన పొదల్లో జింక కనిపించేది చాలావరకు అంతదూరంలోనే.

అంతకు మించి కావాలంటే గాడుల గొట్టమే దారి. రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500 లాంటి పంప్‌లకి మొత్తం తుపాకీ మార్చక్కర్లేదు, ముందు మూత విప్పి రెండో గొట్టం తొడగవచ్చు. కొనేటప్పుడు స్కోప్ పట్టా గొట్టానికే అతికి వెనక్కి వచ్చే కాంటిలీవర్ రకం తీసుకోండి. మార్చుకునే గొట్టం రిసీవర్‌లో వెంట్రుకవాసి కదులుతుంది. స్కోప్ రిసీవర్ మీద ఉంటే ఆ కదలిక మొత్తం గురిలో తప్పుగా తేలుతుంది. స్కోప్ గొట్టం మీదే ఉంటే రెండూ కలిసి కదులుతాయి. అప్పుడు మీ దగ్గరున్న సాబోలు పనికొస్తాయి. మంచి జోడీ కుదిరితే 100 గజాల దగ్గర రెండు మూడు అంగుళాల్లో పడతాయి. మెత్తటి ఫాస్టర్‌ని గాడుల గొట్టంలో వాడితే తుపాకీ చెడిపోదు గానీ సీసం గాడుల్లో పేరుకుని గురి తగ్గుతుంది, తోమలేక చస్తాం.

గొట్టం కొనకుండా మూతి దగ్గర రైఫిల్డ్ చోక్ ట్యూబ్ బిగించే పద్ధతీ ఉంది. గాడులు చివర రెండు మూడు అంగుళాల్లోనే ఉంటాయి. ఈ ఆలోచన మన దేశంతో ముడిపడ్డదే. బెంగాల్ సైన్యంలో పనిచేసిన జార్జ్ ఫాస్‌బెరీ 1885లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. లండన్‌లో హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ పారడాక్స్ పేరుతో ఆ తుపాకుల్ని చేసింది. పొద్దున రవ్వల తూటాతో కౌజుల్ని, సాయంత్రం గుండుతో పెద్ద జంతువుని కొట్టగల తుపాకీ అని ఇండియాలో ఉన్న దొరలు, సంస్థానాధీశులు కొనుక్కున్నారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అక్కడ వేట క్రమంగా ముగిసింది, ఆ మెలిక మాత్రం ఇక్కడ చోక్ ట్యూబ్‌లో బతికి ఉంది. నున్నటి గొట్టం కన్నా మెరుగు, పూర్తి గాడుల గొట్టం కన్నా తక్కువ, అంతే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, 20కి మారాలా? ఉన్న తుపాకీతోనే సర్దుకుంటానంటే వద్దు. జింక కోసమే కొత్తది కొంటానంటే, నా ఓటు గాడుల గొట్టం ఉన్న 20 గేజ్‌కే. 12 గేజ్ ఒక ఔన్సు స్లగ్ ఏడెనిమిది పౌన్ల తుపాకీలో భుజాన్ని కొట్టే దెబ్బ పెద్ద జంతువుల వేటకి వాడే 30-06 రైఫిల్ కన్నా చాలా ఎక్కువ. నాలుగు పేల్చేసరికి ట్రిగ్గర్ నొక్కబోయే ముందే కన్ను మూసుకుపోవడం, భుజం వెనక్కి పోవడం మొదలవుతుంది. కొత్తవాళ్ళ గురి ఎక్కువగా చెడేది ఇక్కడే, గేజ్ వల్ల కాదు. 20 గేజ్‌తో దెబ్బ 30-06 దగ్గరికి దిగుతుంది, దాంతో మీరు ఎక్కువసేపు సాధన చెయ్యగలుగుతారు. శావేజ్ 220 అనే 20 గేజ్ బోల్ట్ యాక్షన్‌కి మంచి పేరు రావడం ఊరికే కాదు: గొట్టం రిసీవర్‌కి కదలకుండా బిగిసి ఉంటుంది, ట్రిగ్గర్ తేలిక, గాడులు 24 అంగుళాలకి ఒక చుట్టు చొప్పున తిరుగుతాయి. 12 గేజ్ పంప్‌ల బరువైన ట్రిగ్గర్‌తో పోలిస్తే చూపుడువేలికి తెలిసే తేడా అది.

ఏది తీసుకున్నా, ఎంతదూరం కాల్చవచ్చో చెప్పాల్సింది అట్టే, పెట్టె మీద బొమ్మ కాదు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిదంగుళాల వెడల్పు, మన టిఫిన్ ప్లేటంత. ముందు 25 గజాల నుంచి బల్ల మీద ఇసుక సంచులు పెట్టి కాల్చి గుండు అట్టమీద పడుతోందని చూసుకోండి. తర్వాత 50 గజాలకి సరిచెయ్యండి. ఒక్కో కంపెనీవి మూడేసి చొప్పున, మధ్యలో గొట్టం చల్లారనిచ్చి కాల్చండి. బల్ల మీద భుజానికి దిండో, టవల్ మడతో పెట్టుకోవడం నామోషీ కాదు. ఏది దగ్గరగా పడిందో తేలాక, బల్ల వదిలేసి అడవిలో కూర్చునే తీరులోనే కూర్చుని కాల్చండి. ప్రతి గుండూ ఆ ప్లేటులో పడే దూరమే మీ హద్దు. అది 60 గజాలైతే 60, 70 దగ్గర ఎంత మంచి కొమ్ములు కనిపించినా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. గుండు పెద్దది కదా, ఎక్కడ తగిలినా పడిపోతుందనే మాట మీకు చాలామంది చెప్తారు. నమ్మకండి. కడుపులో తగిలిన జింక గంటల తరబడి నరకం పడుతుంది, 12 గేజ్ అయినా అంతే.

ఫాస్టర్ స్లగ్‌కి దూరం ఎందుకు పడదో కూడా తెలిసి ఉండాలి. మొండి ముక్కు వల్ల వేగం తొందరగా పడిపోతుంది. 1,560 అడుగులతో బయల్దేరింది 100 గజాలకి చేరేసరికి ధ్వని వేగం కన్నా దిగువకి వచ్చేస్తుంది. 50 గజాలకి సరిచేసిన తుపాకీ 100 గజాల దగ్గర సుమారు అర అడుగు కిందకి కొడుతుంది. గాలి ఇంకా మోసం చేస్తుంది: గంటకి 10 మైళ్ల అడ్డగాలి 50 గజాల దగ్గర రెండు మూడు అంగుళాలే నెడుతుంది గానీ, 100 దగ్గర ఎనిమిదంగుళాలు దాటి నెడుతుంది. ఇల్లినాయ్‌లో నవంబరులో కోతలైపోయిన మొక్కజొన్న పొలాల మీద 10 మైళ్ల గాలి అంటే ప్రశాంతమైన రోజే. గురి సరిచేసుకోవడం కూడా ఆగస్టు ఎండలో కాదు, సీజన్ చలికి దగ్గరి రోజుల్లో చెయ్యండి. సాబో ప్లాస్టిక్ చలికి గట్టిపడితే పడేచోటు మారుతుంది. వేటకి వేసుకునే కోటు వేసుకునే కాల్చండి, కోటు మందంతో చెంప ఆనే చోటు కూడా మారుతుంది.

చట్టం గురించి అడగలేదు గానీ మనవాళ్ళు చాలామంది పొరపాటు పడేది ఇక్కడే కాబట్టి చెప్తున్నాను. మీరు గ్రీన్‌కార్డ్ మీద ఉన్నారో వీసా మీద ఉన్నారో రాయలేదు. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. స్నేహితుడి తుపాకీని రేంజ్‌లో సరదాగా ఒకసారి పట్టుకున్నా దగ్గర ఉంచుకున్నట్టే లెక్క, కాబట్టి లైసెన్సు ముందు, రేంజ్ తర్వాత. ఇల్లినాయ్ లైసెన్సు మార్చి 31తో ముగుస్తుంది. సీజన్ అయిపోయింది కదా అని కొత్తది తీసుకోకుండా ఊరుకుని, తుపాకీ ఇంట్లో ఉంచుకుంటే ఏప్రిల్ 1 నుంచి మీరు తప్పులో ఉన్నట్టే. ఇమిగ్రేషన్ కేసు నడుస్తున్నవాళ్ళకి దాని పర్యవసానం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. సందేహం ఉంటే లాయర్‌ని అడగండి. ఇక్కడ ఫాయిడ్ (FOID) కార్డు, అంటే తుపాకీ ఉంచుకోవడానికి ఇల్లినాయ్ రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు కూడా తప్పనిసరి. 1980 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ సేఫ్టీ కోర్సు కావాలి. జింకల సీజన్లో షాట్‌గన్ మూడు తూటాలకి మించి పట్టకుండా మ్యాగజైన్‌లో ప్లగ్ ఉండాలి. పర్మిట్, తేదీలు ఆ ఏడాది రూల్స్ పుస్తకంలో చూసుకోండి. 2023 నుంచి సింగిల్ షాట్ రైఫిళ్ళని కూడా కొన్ని తూటాలతో అనుమతిస్తున్నారు, కొత్త తుపాకీ కొనే ఉద్దేశం ఉంటే ఆ దారి కూడా పరిశీలించండి.

ఇంకో జాగ్రత్త. స్లగ్ దగ్గరలోనే ఆగిపోతుంది కాబట్టి భయంలేదు అనుకోకండి. ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల్లో రైఫిళ్ళ బదులు షాట్‌గన్ పెట్టింది ఊళ్ళు, ఇళ్ళు దగ్గరగా ఉన్న చదునైన నేల కాబట్టే. అయినా బరువైన మొండి గుండు గడ్డకట్టిన నేలని తాకితే ఎగిరి చాలా దూరం పోతుంది. 2007లో పెన్సిల్వేనియా శాసనసభ కోసం చేసిన అధ్యయనం కూడా షాట్‌గన్ అన్ని సందర్భాల్లోనూ రైఫిల్ కన్నా సురక్షితం కాదని తేల్చింది. జింక వెనక మట్టి గట్టు కనిపిస్తేనే కాల్చండి. ఎత్తైన స్టాండ్ మీద కూర్చుంటే గుండు నేలలోకే దిగుతుంది, అది మంచి పద్ధతి, కింద పడకుండా ఒళ్ళంతా పట్టి ఉంచే సేఫ్టీ హార్నెస్ కట్టుకోవడం మర్చిపోకండి.

ముందు చోక్ చూసుకోండి, ఫాస్టర్ స్లగ్‌లు తెచ్చి అట్టమీద కాల్చండి. ఒక్కో గుంపు పక్కన దూరం, స్లగ్ కంపెనీ, చోక్ పేరు పెన్నుతో రాసి ఫొటో పెట్టండి. బాగా పడిన రకం దొరికితే పెట్టె మీద లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన వాటికి వేసే నంబరు) చూసి, అదే లాట్‌వి సీజన్‌కి సరిపడా ఒకేసారి కొనేయండి.